ఇసుక బోదెలు

మా రిఫైనరీలో ఒక నియమం ఉంది. పైపు అతుకులో పగులు కనబడితే ఒకసారి అరగదీసి మళ్లీ వెల్డింగ్ చేయవచ్చు. అదే చోట మళ్లీ పగిలితే రెండోసారీ చేయవచ్చు. మూడోసారికి మాత్రం ఒప్పుకోం. ఆ ముక్క కోసి అవతల పారేస్తాం. ఇన్‌స్పెక్షన్ ఇంజనీరుగా ఇరవై నాలుగేళ్లు ఆ కాగితాల మీద సంతకాలు పెట్టినవాణ్ణి, 2005 వేసవిలో మా అమ్మాయి మోకాలికి కూడా అదే నియమం పెట్టాను. మనిషి మోకాలు ఇనప గొట్టం కాదని ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది అనను. చెప్పారు. నేను పట్టిన కుందేటికి మూడే కాళ్లు.

చరితకి అప్పుడు ఇరవై ఒకటి. మేం కాల్గరీలో ఉన్న రోజుల్లో, ఎనిమిదో ఏట కాళ్లకి స్కీలు కట్టుకుంది. ఉద్యోగం కోసం నేనూ నా భార్య బాలామణీ ఎర్రసముద్రం ఒడ్డున ఈ రాబిగ్‌కి వచ్చేసినా అది అక్కడే ఉండి, కెనడా జట్టులో చేరింది. దాని ఆట పేరు మొగల్స్. కొండవాలు నిండా నడుమెత్తు మంచు దిబ్బలు వరసగా ఉంటాయి. వాటి మీదుగా అర నిమిషంలో కిందికి రావాలి. దారిలో రెండు చోట్ల గాల్లోకి లేచి, పల్టీ కొట్టి, మళ్లీ దిబ్బల మధ్యే దిగాలి. ప్రతి దిబ్బకీ మోకాళ్లు గుండెదాకా వస్తాయి, తల మాత్రం కదలకూడదు. పద్దెనిమిదో ఏట కుడి మోకాలి లిగమెంటు తెగింది, కోసి అతికారు. ఆ పడటం నేను కళ్లారా చూశాను. ఆ తరవాత దాని పోటీ ఒక్కటీ చూడలేదు. ఆ ఏడాది ఫిబ్రవరిలో అదే మోకాలు మళ్లీ తెగింది, మళ్లీ కోశారు.

ఏప్రిల్లో మా దగ్గరికి వచ్చింది. బాలామణి ఫిజియోథెరపిస్టు కావడమే కారణం. సెప్టెంబరు పదిహేనున స్విట్జర్లాండులో మంచు మీద జట్టు క్యాంపు మొదలవుతుంది. దానికి రానివాళ్ల పేరు జాబితాలోంచి కొట్టేస్తారు. వచ్చే ఫిబ్రవరిలో ఇటలీలో ఒలింపిక్స్, ఆడపిల్లల్లో నలుగురికే చోటు. ఇదీ లెక్క. వచ్చిన రోజునే తల్లీకూతుళ్లు ఫ్రిజ్ మీద క్యాలెండరు తగిలించి సెప్టెంబరు పదిహేను చుట్టూ గుండ్రంగా గీత గీశారు. నేను మంచినీళ్లు తాగినప్పుడల్లా ఆ గీత కనబడేది.

ఈ దేశం దాటాలంటే పాస్‌పోర్టులో ఎగ్జిట్ ముద్ర పడాలి. చరిత నా ఇకామా, అంటే నివాస అనుమతి, మీద ఉంది కాబట్టి దాని ఫారం మీద నా సంతకం కావాలి. జులై నెలాఖరున కంపెనీ ఆఫీసు నుంచి ఫారం అదే తెచ్చుకుంది. పేరూ నంబరూ పెన్నుతో నింపి నా టేబుల్ మీద పెట్టింది.

"తేదీ, సంతకం నువ్వు వెయ్యి నాన్నా. ఇంకో గడి ఉంది, ఏ రకం ఎగ్జిట్ అని. అది నాకు తెలీలేదు."

"చూస్తాలే అమ్మడూ."

చూశాను. పాస్‌పోర్టుతో సహా డ్రాయర్లో, వెల్డింగ్ నియమాల కోడు పుస్తకం కింద పెట్టాను. తాళం వేయలేదు. మా ఇంట్లో నా డ్రాయరు ఎవరూ తీయరు.

వారం తరవాత అడిగింది. "ఫారం ఇచ్చావా?"

"ఇచ్చాను. వచ్చే వారం వస్తుంది, ఇన్షా అల్లా."

అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో చెప్పలేను. మోకాలికి రెండు అతుకులు పడ్డాయి, మూడోది పడనివ్వను, అంతే. పదిహేనో తేదీ దానంతటదే దాటిపోతే నేను కాదన్నట్టు కూడా ఉండదు. తప్పు ఆఫీసు మీదికి పోతుంది. ఇక్కడ ఏ ఆలస్యానికైనా జనం ఆఫీసునే తిట్టుకుంటారు.

మా కాంపౌండు వెనక, ప్రహరీ లోపలే, కొత్త విల్లాల కోసం వదిలిన ఖాళీ జాగాలో పెద్ద ఇసుక గుట్ట ఉండేది. ఇంటి నాలుగు గోడల మధ్య చేసే కసరత్తూ, జిమ్ములో ఆడవాళ్లకి రోజుకి ఇచ్చే గంటా చాలకపోయేసరికి, చరిత కన్ను దాని మీద పడింది. కాంపౌండులో చెట్లకి నీళ్లు పట్టే లింబాద్రిని పట్టుకుంది. అతనిది ఆర్మూరు పక్క పల్లె. కాంట్రాక్టరు కింద పని. చరిత కాగితం మీద బొమ్మ గీసి చూపిస్తే అతను తల గోక్కుని, "ఇవి పసుపు బోదెలు గదా బిడ్డా. మేం ఎద్దులతోని తోల్తం. నువ్వు గుట్ట మీద తోలమంటున్నవ్" అన్నాడట.

తోలాడు. పొడి ఇసుక నిలవదు కాబట్టి సాయంత్రం ట్యాంకరులో మిగిలిన నీళ్లు పోసి, పార వెనక్కి తిప్పి చరిచి, గుట్ట వాలు మీద మంచు దిబ్బల్లాగే మూడు వరసల బోదెలు కట్టాడు. ఈ వేడికి తెల్లారేసరికి పైన పెచ్చు గట్టిపడేది. చరిత పొద్దున్న నాలుగున్నరకి, వేడి మొదలవక ముందే, బూట్లేసుకుని గుట్ట ఎక్కేది. బోదె మీంచి బోదె మీదికి గెంతుకుంటూ దిగేది. మళ్లీ ఎక్కేది. ముప్పై సార్లు. బాలామణి కింద నిలబడి లెక్కపెట్టేది. నేను వంటింటి కిటికీలోంచి చూసేవాణ్ణి, చూడనట్టు.

లింబాద్రి ఒకరోజు నాతో అన్నాడు. "సార్, బిడ్డ తలకాయ చూసిన్రా? జర గూడ కదల్తలేదు. నెత్తి మీద నీళ్ల బిందె వెట్టుకొని దిగినట్టే ఉన్నది."

"నీ పని నువ్వు చూసుకో లింబాద్రీ" అన్నాను. పాపం, అతను చేస్తున్నది నా కూతురి పనే.

ఆగస్టు గడిచేకొద్దీ ఇంట్లో మాటలు తగ్గాయి. చరిత శుక్రవారం శుక్రవారం అడిగేది, నేను వచ్చే వారం అనేవాణ్ణి. అది సరే అని తల ఊపి లేచిపోయేది. గొడవ పడి ఉంటే నాకు తేలిగ్గా ఉండేది. గొడవ పడ్డది బాలామణి.

ఆరోజు హాల్లో సోఫాలు జరిపి, కూతుర్ని ఒంటికాలి మీద గెంతించి టేపుతో కొలిచింది. ఎడమకాలు, కుడికాలు, మూడేసి సార్లు. కాగితం తెచ్చి నా ముందు పెట్టింది.

"కుడికాలి గెంతు ఎడమదానిలో తొంభై నాలుగు శాతం. తొంభై దాటితే పంపించొచ్చు. ఇది నా పని, నాకు తెలుసు."

"నా పని నాకూ తెలుసు. ఒకే చోట మూడోసారి..."

"ఏవండీ, అది పైపు కాదు."

"పైపైతే నాకింత భయం ఉండదు."

బాలామణి టేపు చుట్టి పక్కన పెట్టింది. తరవాత మెల్లగా అంది. "నాకు లేదనుకున్నారా భయం? రోజూ ఆ మోకాలు పట్టుకునేది నేను. అది పడుతుందేమోనని మీకు భయం. ఇక్కడ కూర్చుని, పడకుండా ముసలిదైపోతుందేమోనని నాకు. ఎగ్జిట్ సంగతి ఖాదర్ మొహిద్దీన్‌ని నేను ఫోన్ చేసి అడగనా?"

ఖాదర్ మొహిద్దీన్ కంపెనీలో ఈ వీసా కాగితాలు చూసే గుమాస్తా. కడప మనిషి. "ఆడవాళ్లు ఫోన్ చేస్తే బావుండదు, నేను కనుక్కుంటాను" అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ నా మీద నాకు అసహ్యం. ఈ ఊళ్లో చెల్లే సాకుని, నా ఇంట్లో ఎప్పుడూ చెల్లని సాకుని, అవసరం కోసం తెచ్చి ఇంట్లో వాడాను.

సెప్టెంబరు మూడో తేదీ పొద్దున్న చరిత పడింది. రెండో వరసలో అయిదో బోదె మీద అడుగు వేయగానే పైపెచ్చు విరిగి కాలు పిక్కదాకా దిగబడింది. మనిషి తలకిందులై గుట్ట అడుగుదాకా దొర్లింది. నేను కిటికీ దగ్గర ఉన్నాను. చెప్పడానికి నోరు రాదు గాని చెప్పాలి. ఆ క్షణంలో నాకు కలిగింది భయం కాదు, ఊరట. హమ్మయ్య, అయిపోయింది, ఇక నేను అబద్ధం ఆడక్కర్లేదు. ఆ తరవాతే భయం వచ్చింది. చెప్పులు లేకుండా పరిగెత్తాను.

నేను వెళ్లేసరికి బాలామణి దాని మోకాలు రెండు చేతులా పట్టుకుని ముందుకీ వెనక్కీ జరిపి చూస్తోంది. కళ్లు మూసుకుంది. వేళ్లతోనే చూస్తుంది ఎప్పుడూ. లింబాద్రి పార వదలకుండా పక్కనే నిలబడ్డాడు. చరిత నోట్లోంచి ఇసుక ఉమ్మింది.

"గట్టిగానే ఉంది" అంది బాలామణి కళ్లు తెరిచి.

"ఇక చాలు. అయిపోయింది. పద ఇంట్లోకి" అన్నాను.

చరిత నా వైపు తిరిగి చూసింది. మొహం నిండా ఇసుక, కనుబొమల్లో కూడా.

"విరిగింది బోదె నాన్నా. మోకాలు కాదు."

లేచి నిలబడి మళ్లీ గుట్ట ఎక్కింది. ఆరోజు కూడా ముప్పై పూర్తి చేసింది.

నేను ఆఫీసుకి వెళ్లానన్న మాటేగాని ఏ పనీ చేయలేదు. సాయంత్రం మసీదులో అసర్ నమాజు అయ్యే వేళకి నేరుగా గుట్ట దగ్గరికి వెళ్లాను. బోదెలన్నీ చదును చేయించేద్దామని. కోపం తీర్చుకోవడానికి ఒక మనిషి కావాలి కదా, లింబాద్రి దొరికాడు. అతను అప్పటికే విరిగిన బోదె తవ్వి, తడి ఇసుక కొత్తగా వేసి చరుస్తున్నాడు. చొక్కా ఒంటికి అతుక్కుపోయింది.

"ఇవన్నీ తీసెయ్" అన్నాను.

"తప్పు నాదే సార్. నిన్న నీళ్లు తక్కువైనయ్. పొద్దున్నుంచి బుక్క లోపలికి పోలే." పార ఆపి చెమట తుడుచుకున్నాడు. "బిడ్డ ఎప్పుడు పోతది సార్? పోయేదాంక ఉండనీయుండ్రి. పోయినంక నేనే సాపు జేస్త."

"వచ్చే వారం, ఇన్షా అల్లా."

లింబాద్రి నవ్వాడు. ఎగతాళి ఏమీ లేదు అందులో.

"మా మేనేజర్ గూడ గదే మాటంటడు సార్. పాస్‌పోర్ట్ ఆయన బీరువల ఉన్నది. వచ్చే వారం లింబాద్రీ, ఇన్షా అల్లా. మూడేండ్లసంది వస్తలేదా వారం. నేనొచ్చినప్పుడు మా సంధ్య ఏడో తరగతి. మొన్న పది పాసయింది." మళ్లీ పార ఎత్తాడు. "బిడ్డకైతే గట్ల గాదు తియ్యుండ్రి. సొంత తండ్రి దగ్గర ఉండె కాగితం."

నాకు దొంగకి తేలు కుట్టినట్టయింది. బోదెలు తీసేయమన్న మాట మళ్లీ ఎత్తకుండా ఇంటికి వచ్చేశాను. తల్లీకూతుళ్లు జిమ్ముకి వెళ్లారు, ఆడవాళ్ల వేళ.

డ్రాయరు తీసి, కోడు పుస్తకం ఎత్తి, ఫారం బయటికి లాగాను. సంతకం గడి ఖాళీగానే ఉంది. తేదీ గడి ఖాళీగా లేదు.

పెన్సిలుతో సెప్టెంబరు 10 అని రాసి ఉంది. నేను పెన్సిలు వాడను. కళ్లజోడు పెట్టుకుని కిటికీ దగ్గరికి తీసుకెళ్లాను. పదో తేదీ కింద చెరిపేసిన గీతలు కనబడ్డాయి. సెప్టెంబరు 3. దాని కింద ఆగస్టు 27. దాని కింద ఆగస్టు 20. చెరిపి చెరిపి ఆ గడి దగ్గర కాగితం పల్చబడి నూగు లేచింది. నేను వచ్చే వారం అన్న ప్రతిసారీ చరిత తల ఊపి లేచి వచ్చి, ఈ డ్రాయరు తీసి, ఒక వారం ముందుకి జరిపి, మళ్లీ పుస్తకం కింద ఎలా ఉన్నదో అలా పెట్టి వెళ్లింది. నన్ను ఒక్క మాట అనలేదు. నేను ఇచ్చేదాకా ఆగుదామనుకుంది.

టేబుల్ దగ్గరికి వచ్చి కూర్చున్నాను. అంత సిగ్గు నాకు అంతకు ముందు లేదు, తరవాతా లేదు. కాసేపటికి పెన్ను తీసి పదో తేదీ మీద దిద్ది, కింద సంతకం పెట్టాను.

మర్నాడు ఖాదర్ మొహిద్దీన్ ఫారం తిప్పి చూసి, రకం గడి ఖాళీగా ఉందన్నాడు.

"రీ-ఎంట్రీనే గదా సార్, పోయి తిరిగొచ్చేది? మూడు నెలలకి కొట్టిస్తా. అంతలోపల పాప రాలేకపోతే మీరొచ్చి ఇంకో సంతకం పెడితే పొడిగిస్తాం."

"ఇంకో రకం?"

"ఫైనలా?" అతను కళ్లజోడు పైకి తోసుకున్నాడు. "అది ఎందుకు సార్? ఇకామా పోతాది. ఈ వయసుకి పాపని మళ్లీ మీ కింద తెచ్చుకోవల్లంటే శానా కష్టం. బాగా ఆలోచన చేసుకోండి."

మూడు నెలలంటే డిసెంబరు. జట్టు ఎంపిక జరిగేది డిసెంబరులో. అప్పుడు మళ్లీ ఒక ఫారం, గడువైందని దాన్ని వెనక్కి పిలవడానికి నాకో వంక, మళ్లీ నా డ్రాయరు. ఫైనల్ అని రాశాను.

పాస్‌పోర్టు తొమ్మిదో తేదీన వచ్చింది. భోజనాల బల్ల మీద పెట్టాను. చరిత ముద్ర ఉన్న పేజీ తీసి చూసి బాలామణికి అందించింది. అరబిక్ ముద్ర పక్కన ఇంగ్లీషులో కూడా ఉంది, ఇద్దరికీ అర్థమయింది. బాలామణి చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

"ఇదేంటండీ? ఇంక రాదా అది ఇక్కడికి?"

"నన్ను పంపించేస్తున్నావా నాన్నా?" అంది చరిత.

"రీ-ఎంట్రీ అయితే డిసెంబరులో మళ్లీ నా సంతకం కావాలి. నన్ను నేను నమ్మలేను అమ్మడూ."

చరిత లేచి వచ్చి నా కంచంలో ఇంకాస్త పప్పు వేసింది, నేను అడక్కుండానే. పెన్సిలు సంగతి నేను ఎత్తలేదు, అదీ ఎత్తలేదు.

మర్నాడు జెద్దా విమానాశ్రయానికి నూట యాభై కిలోమీటర్లు నేనే నడిపాను. పాస్‌పోర్టు కౌంటరులో కూర్చున్న కుర్రాడు ముద్ర చూశాడు, చరితని చూశాడు, గాజు అవతల దూరంగా నిలబడ్డ నన్ను చూశాడు. ఏదో ఒక వంకతో ఆపేస్తాడేమోనని భయపడ్డాను. ఆపమని కోరుకున్నది నేనే గదా నెలన్నరపాటు. అతను ముద్ర కొట్టి పంపించాడు. చరిత కుడికాలు కుంటకుండా నడిచి మలుపు తిరిగింది.

ఇంట్లో తేడా మర్నాడే తెలిసింది. బాలామణి పొద్దున్న నాలుగున్నరకి లేచి, లెక్కపెట్టడానికి ఎవరూ లేక, వరండాలో కూర్చుంది. నాతో వారం రోజులు సరిగా మాట్లాడలేదు. ముందు పంపనందుకు ఒక కోపం, పంపిన తీరుకి ఇంకో కోపం. రెండూ నాకు తగినవే.

డిసెంబరు నెలాఖరున ఎంపిక పోటీ నుంచి చరిత ఫోన్ చేసింది.

"ఐదో దాన్ని నాన్నా."

నలుగురికే చోటు. "మోకాలు?" అన్నాను.

"అది బానే ఉంది. రెండో జంప్ దిగేటప్పుడు చేతులు వెనక్కి పోయాయి. అక్కడ టైం పోయింది. మోకాలి తప్పేం లేదు, నాదే."

"ఇంటికి వచ్చెయ్యమ్మా" అన్న మాట నా నాలుక మీదికి వచ్చింది. వచ్చాక గుర్తొచ్చింది, ఆ దారి మూసింది నేనే. ఆ రాత్రి దాన్ని దగ్గర కూర్చోబెట్టుకోవడానికి కుడిచెయ్యి ఇమ్మన్నా ఇచ్చేవాణ్ణి. బాలామణి రిసీవరు లాక్కుని లోపలికి వెళ్లిపోయింది. అరగంట తరవాత మళ్లీ నాకు ఇచ్చింది.

"ఆట ఆపను నాన్నా" అంది చరిత, ముక్కు ఎగబీలుస్తూ. "మార్చిలో నేషనల్స్ ఉన్నాయి. నువ్వు నా రన్ చూసి మూడేళ్లయింది. అమ్మా నువ్వూ రండి."

"నేను చూస్తే పడతావేమో."

"పడితే లేస్తాను. ఇసుకలో చూశావుగా."

కిటికీలోంచి నేను చూసేవాణ్ణని కూడా దానికి తెలుసన్నమాట.

లింబాద్రి పాస్‌పోర్టు ఇంకా బీరువాలోనే ఉంది. నేను రెండుసార్లు వాళ్ల మేనేజరు ఎదురుగా వెళ్లి కూర్చుని, వచ్చే వారం అంటే ఏ తేదీ అని అడిగాను. రెండుసార్లూ టీ ఇచ్చాడు. మూడోసారీ వెళతాను. చరిత ఐదో స్థానం సంగతి చెప్పినప్పుడు లింబాద్రి వేళ్లు లెక్కపెట్టుకుని, "దేశం మొత్తంల ఐదా సార్?" అని సంతోషంగా అడిగాడు. బోదెలు మాత్రం అతను సాపు చేయలేదు, నేనూ చేయమనలేదు.

జనవరి మొదటి వారంలో నాకూ బాలామణికీ ఎగ్జిట్ రీ-ఎంట్రీ ఫారాల కోసం ఖాదర్ మొహిద్దీన్ దగ్గరికి వెళ్లాను. మా డిపార్ట్‌మెంటు మేనేజరు సెలవు కాగితం మీద ఇంకా సంతకం పెట్టలేదు. మార్చిలో షట్‌డౌన్ పనులున్నాయి, వచ్చే వారం చూద్దాం అన్నాడు. పేర్లూ నంబర్లూ నింపి, బయల్దేరే తేదీ గడి దగ్గరికి వచ్చి ఆగాను.

"ఏమి సార్, రాయండి" అన్నాడు ఖాదర్ మొహిద్దీన్.

"పెన్సిలుందా? రబ్బరు కూడా ఇవ్వండి" అన్నాను.